పాత పికప్ కొన్నారా? ప్రయాణానికి ముందు రేడియేటర్ హోస్‌లు తడిమి చూడండి

"వాడిన పికప్ కొన్నాం. లక్ష మైళ్లు దాటింది. వేసవి సెలవుల్లో పశ్చిమ టెక్సాస్‌లోని బిగ్ బెండ్ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. ఆయిల్ మార్పించుకోవడానికి వెళితే రేడియేటర్ హోస్‌లు కూడా మార్చాలన్నారు. పైకి బాగానే ఉన్నాయి. డబ్బు గుంజడానికే అలా అంటున్నారా?" డాలస్ చుట్టుపక్కల కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్లు ఎండలు ముదిరే ముందు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది.

ఆ షాపువాళ్ల ఉద్దేశం నాకు తెలియదు కానీ, హోస్ పైకి బాగుందన్న మాటను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఈ రబ్బరు గొట్టాలు చాలావరకు లోపలి నుంచే పాడవుతాయి. రబ్బరు, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్, హోస్ తొడిగిన లోహపు మూతి మూడూ కలిసి చిన్నపాటి బ్యాటరీలా పనిచేస్తాయి. ఆ విద్యుత్ రసాయన చర్య వల్ల హోస్ చివర్ల దగ్గర, రెండు అంగుళాల లోపు, లోపలి గోడకు సన్నని నిలువు పగుళ్లు వస్తాయి. వాటి గుండా కూలెంట్ రబ్బరు మధ్యలోని దారపు అల్లికలోకి చేరి దాన్ని బలహీనపరుస్తుంది. పై పొర నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒక వేడి మధ్యాహ్నం, ఎత్తు ఎక్కుతున్నప్పుడు, ఒత్తిడి పెరిగి చీలిపోతుంది.

అందుకే దీన్ని వేళ్లతో చూడాలి. రాత్రంతా ఆగి ఉన్న బండి బానెట్ పొద్దున్నే ఎత్తండి. చూడాల్సినవి ముఖ్యంగా నాలుగు: ఇంజిన్ నుంచి వేడి కూలెంట్‌ను రేడియేటర్‌కు తెచ్చే పై హోస్, చల్లారిన దాన్ని వాటర్ పంపుకు చేర్చే కింది హోస్, క్యాబిన్ హీటర్‌కు వెళ్లి వచ్చే రెండు సన్న హోస్‌లు. ఈ సన్నవి ఇంజిన్ వెనకవైపు ఇరుకులో ఉంటాయి కాబట్టి చాలామంది మరిచిపోతారు. ప్రతి హోస్‌నూ ముందు మధ్యలో నొక్కండి, తరువాత హోస్‌ను మూతికి బిగించే పట్టీ, అంటే క్లాంప్ పక్కన రెండు వేళ్లతో గట్టిగా నొక్కండి. రెండు చోట్లా ఒకే బిగువు ఉండాలి. మధ్యలో గట్టిగా ఉండి చివర మాత్రం ఉడికిన మునక్కాయలా మెత్తగా తగిలితే, లోపల పగుళ్లు పట్టాయన్నమాట. నొక్కితే పెళపెళమన్నా, ఏమాత్రం లొంగకపోయినా వేడికి రబ్బరు ఎండిపోయింది. ఉబ్బి జిగురుగా ఉంటే పైనుంచి ఇంజిన్ ఆయిల్ కారుతోంది. అప్పుడు హోస్ ఒక్కటే మారిస్తే చాలదు, ఆ ఆయిల్ కారడాన్నీ ఆపాలి. క్లాంప్ చుట్టూ తెల్లగానో రంగుగానో పొడి పేరుకుంటే అక్కడ కూలెంట్ మెల్లగా చెమరుస్తోంది. ఒక్క జాగ్రత్త: కొన్ని బండ్లలో కింది హోస్ లోపల, పంపు లాగేటప్పుడు అది చప్పబడిపోకుండా ఒక తీగ స్ప్రింగ్ ఉంటుంది. అది నొక్కుడుకు లొంగకపోతే ఎండిపోయిందని తొందరపడకండి.

ఈ మధ్య మా వీధిలోకి వచ్చిన ఒక తమ్ముడి పికప్‌కు పై హోస్ మార్చాం. అతనికీ మీలాంటి అనుమానమే. పాత హోస్‌ను నిలువునా కోసి తిప్పి చూపించాను. రేడియేటర్ వైపు చివర, లోపలంతా వెంట్రుకలంత సన్నని చీలికలు వరుసగా ఉన్నాయి. గోరుతో లాగితే ఒక చోట దారపు పోగు బయటికి వచ్చింది. అదే ముక్క వెలుపలి వైపు కొత్తదానిలాగే ఉంది. ఆ తరువాత అతను మిగతా మూడూ తనే అడిగి మార్పించుకున్నాడు.

ఊళ్లో ఉంటే హోస్ పగిలినా ఖర్చుతో పోతుంది. ఇండియాలో హైవే మీద బండి ఆగితే పక్క ఊళ్లో ఎవరో ఒక మెకానిక్ దొరుకుతాడు. పశ్చిమ టెక్సాస్‌లో ఆ భరోసా లేదు. ఫోర్ట్ స్టాక్టన్ దాటి దక్షిణానికి తిరిగితే మారథాన్ వరకు దాదాపు 60 మైళ్లు, అక్కడి నుంచి బిగ్ బెండ్ పార్కు కార్యాలయానికి మరో 70 మైళ్లు. చాలా చోట్ల ఫోనుకు సిగ్నల్ ఉండదు. వేసవిలో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. పిల్లలు, పెద్దవాళ్లతో అక్కడ ఆగిపోతే అది బండి సమస్యగా మాత్రమే మిగలదు. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా చెబుతాను: వాడిన బండి కొన్నప్పుడు హోస్‌లు ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే, దూర ప్రయాణానికి ముందే నాలుగూ మార్చేయండి. క్లాంపులు, ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే థర్మోస్టాట్, రేడియేటర్ మూత కూడా అప్పుడే మారిస్తే కూలెంట్ ఒక్కసారి దింపితే సరిపోతుంది.

మీరే చేసుకోవచ్చా? చేతులకు కాస్త పని అలవాటుంటే చేసుకోవచ్చు. అయితే ముందు మీ లీజు చదవండి. చాలా అపార్ట్‌మెంట్లు పార్కింగ్‌లో బండి మరమ్మతును ఒప్పుకోవు. కొన్ని ఇళ్ల సంఘాలు డ్రైవ్‌వేలో కూడా వద్దంటాయి. వారంటీ ఇంకా ఉన్న బండి అయితే, సొంతంగా పని చేసుకున్నంత మాత్రాన అది రద్దవుతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం మీ పక్షాన ఉంది. కొన్న సామాన్ల రసీదులు మాత్రం దాచుకోండి.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిసిన ద్రవం మామూలుగా 223 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మరుగుతుంది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి పట్టే రేడియేటర్ మూత కింద అది 265 దాకా మరగకుండా ఉంటుంది. వేడి మీద మూత తీస్తే ఆ ఒత్తిడి పోయి ద్రవమంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కరెంటు ఫ్యాన్ ఉన్న బండి అయితే ఇంజిన్ ఆపాక కూడా అది తిరగవచ్చు కాబట్టి బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయండి.

అడుగున పళ్లెం పెట్టి కూలెంట్ దింపండి. మూతికి అతుక్కుపోయిన హోస్‌ను మెలితిప్పి లాగకండి. ఇప్పటి రేడియేటర్ల పక్క ట్యాంకులు ప్లాస్టిక్‌వి, మూతి విరిగితే రేడియేటరే మార్చాలి. పాత హోస్‌ను కత్తితో నిలువునా కోసి ఒలిచేయడం క్షేమం. కొత్త బండ్లలో క్లాంపుకు బదులు తీగ క్లిప్పుతో బిగిసే ప్లాస్టిక్ కనెక్టర్లు ఉంటాయి. అక్కడ ముందు క్లిప్పు తీయాలి, తరువాతే లాగాలి. మూతిని శుభ్రంగా తుడిచి, కొత్త హోస్ లోపల కాస్త కూలెంట్ రాసి తొడగండి. ఆయిల్, గ్రీజు రాయవద్దు, అవి ఈ రబ్బరును తినేస్తాయి. క్లాంప్ మూతి మీది గట్టుకు లోపలివైపు కూర్చోవాలి. కంపెనీ ఇచ్చిన స్ప్రింగ్ క్లాంపు బిగువుగా ఉంటే దాన్నే వాడండి. వేడికి వ్యాకోచించి, చలికి ముడుచుకునే రబ్బరుతో పాటు అదీ సర్దుకుంటుంది. స్క్రూ క్లాంపును మరీ బిగిస్తే రబ్బరును కోస్తుంది.

కూలెంట్‌ను రంగు చూసి కొనకండి. ఏ రంగు ఏ రకమో అన్ని కంపెనీలకూ ఒకే నియమం లేదు. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన రకమే పోయండి. గాఢమైనది కొంటే కుళాయి నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్ కలపండి. నింపాక హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే లోపల చిక్కిన గాలి బుడగలుగా వస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకోగానే పై హోస్ వేడెక్కుతుంది. గాలి తీసే పద్ధతి కొన్ని బండ్లకు వేరుగా ఉంటుంది కాబట్టి ఆ పేజీ కూడా చదవండి.

దింపిన పాత కూలెంట్‌ను వీధి కాలువలో పారబోయవద్దు. అందులోని ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలనూ పసిపిల్లలనూ చంపగల విషం. మూత బిగించిన డబ్బాలో పోసి మీ నగరపు ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి. ఎవరైనా మింగితే ఆలస్యం చేయకుండా 1-800-222-1222కు ఫోను చేయండి. అది అమెరికా అంతటా పనిచేసే విష సహాయ నంబరు.

దారిలో ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, రోడ్డు పక్కకు చేరి ఇంజిన్ ఆపేయండి. తరువాతి ఎగ్జిట్ దాకా లాగుదామనుకోకండి, అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగడానికి ఆ కాస్త దూరం చాలు. బండిలో ఒక గ్యాలన్ కూలెంట్, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు ఒక చుట్ట, మనిషికి సరిపడా తాగునీళ్లు ఉంచుకోండి. హోస్‌లు మార్చాక మొదటి వారం రోజులూ పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ మట్టం చూస్తూ ఉండండి. గాలి సర్దుకునే కొద్దీ మొదట కాస్త తగ్గడం సహజం. వారం తరువాత కూడా తగ్గుతూనే ఉంటే ఎక్కడో కారుతోంది, అది తేలేదాకా ఊరు దాటకండి.