నైరూప్య మట్టి శిల్పాన్ని చూడటం ఎలా?

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ప్రదర్శనలో ఒక నైరూప్య సిరామిక్ శిల్పం ముందు చాలాసేపు నిలబడినా, అది దేని బొమ్మో అంతుపట్టలేదని రాశావు. ఏళ్ల తరబడి మట్టి పిసికినవాడిగా నేను చెప్పేది ఒక్కటే. అది దేని బొమ్మ అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, అది ఎలా తయారైందో చూడు.

రాతిశిల్పం తీసివేతతో పుడుతుంది. ఉలి దెబ్బకు లేచిపోయిన పెచ్చు మళ్లీ అతుక్కోదు. లేపాక్షి నందిని చుట్టూ తిరిగి చూడాలి. అమరావతి సున్నపురాతి పలకలు ఉబ్బెత్తు శిల్పాలు కనుక వాటిని ఎదుట నిలబడి చదవాలి. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి ఫలకంలో, మదించి జనాన్ని తొక్కుతున్న నలగిరి అనే ఏనుగే అదే వలయంలో మరోపక్క బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. లోహపు పోత పనికి వస్తే, ఆదిలాబాద్ డోక్రా బొమ్మలో మైనపు తీగలతో చుట్టిన రూపానికి మట్టి పూసి, మైనం కరిగిపోగా మిగిలిన ఖాళీలో లోహం పోస్తారు. అందుకే ఆ తీగల చారలు లోహం మీద కూడా నిలిచిపోతాయి.

మట్టి తీరు వేరు. దానికి కలపవచ్చు, తీయవచ్చు, చీల్చవచ్చు. నొక్కిన బొటనవేలి గుర్తును కూడా అది దాచుకుంటుంది. అయితే ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది, లోపల తడి మిగిలితే పగులుతుంది. నా మొదటి పెద్ద శిల్పం గోడలు మందంగా ఉన్నాయి. తొందరపడి మంట పెంచడంతో ఆవంలోనే పేలిపోయింది. ఆ ముక్కలను చేతిలోకి తీసుకున్న రోజే, మట్టి శిల్పానికి లోపలి ఖాళీ ఎంత ముఖ్యమో నాకు తెలిసింది.

అమెరికాలో పీటర్ వోల్కస్ 1954లో లాస్ ఏంజిలిస్‌లో సిరామిక్స్ బోధించడం మొదలుపెట్టి, ఆ తరువాతి ఏళ్లలో సారె మీద తీసిన కుండలను కోసి, చీల్చి, ఒకదాని మీద ఒకటి నిలిపి పెద్ద శిల్పాలు చేశాడు. వాటిలో నీళ్లు నిలవకపోయినా కుండకుండే పొట్ట, మెడ, అంచు కనిపిస్తూనే ఉంటాయి, చీలిక ఎంత బలంతో పడిందో కూడా తెలుస్తుంది. నా దృష్టిలో నైరూప్య సిరామిక్‌కు అసలు విషయం ఆ బలమే. మన వైపు చూడాలనుకుంటే, 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ పుదుచ్చేరిలో స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకున్నవారి పనిని వెతికి చూడు.

ఈసారి వెళ్లినప్పుడు శిల్పం పేరు చదవకముందే వంగి దాని అడుగు చూడు, అంచు ఎక్కడ పలచబడిందో, జారిన గ్లేజు, అంటే గాజులాంటి మెరుపు పూత, ఎక్కడ ఆగిందో గమనించు. ఇంటికి వచ్చాక కిలో బంకమట్టి తెచ్చుకుని, ఒక ముద్దను చేత్తో చీల్చి, ఇంకొక ముద్దను దారంతో కోసి, రెండింటినీ నీడలో ఆరనివ్వు. ఆ రెండు అంచులలో నీకు కనిపించిన తేడాను నాకు వివరంగా రాయి.

ఇట్లు,
నీ మేనమామ