పాబ్లో కసాల్స్ క్రిస్మస్ ఒరటోరియోకు యుద్ధంతో సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం ఉంది. కసాల్స్ స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతానికి చెందిన చెల్లో (పెద్ద తీగవాద్యం) విద్వాంసుడు. 1939లో స్పెయిన్ అంతర్యుద్ధంలో సైనిక నియంత ఫ్రాంకో గెలిచాక ఫ్రాన్స్‌లో, స్పెయిన్ సరిహద్దు దగ్గరున్న ప్రాడ్ అనే చిన్న ఊళ్లో తలదాచుకున్నారు. ఆయనతోపాటే ప్రవాసంలో ఉన్న కవి జువాన్ అలవేద్రా, క్రీస్తు జననం మీద తమ ప్రాంత భాష కాటలన్‌లో రాసిన కావ్యం ఒకటుంది. అది మొదట తన చిన్నారి కూతురి కోసం రాసింది. దానికే 1943లో కసాల్స్ సంగీతం కట్టడం మొదలుపెట్టారు. అదే ‘ఎల్ పెసెబ్రే’.

ఒరటోరియో అంటే నటన, వేషాలు లేకుండా గాయకులు, కోరస్, ఆర్కెస్ట్రా కలిసి చెప్పే కథ. ఇందులో దేవదూతలు, రాజులే కాదు, చేపలు పట్టేవాడు, దుక్కి దున్నేవాడు, నూలు వడికే ముసలమ్మ కూడా ఉంటారు. ఎద్దు, కంచరగాడిదకు సైతం పాట ఉంది! స్వదేశంలో ఫ్రాంకో ప్రభుత్వం కాటలన్ గొంతు నొక్కేస్తుంటే, ఆ భాషలోనే తమ పల్లె జనాన్ని బెత్లెహేముకు నడిపించారు. నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే. చివర్లో కోరస్ శాంతి కోసం వేడుకుంటుంది.

1960లో మెక్సికోలోని అకపుల్కోలో తొలిసారి వినిపించారు. ఆ తర్వాత కసాల్స్ దీన్నే శాంతి సందేశంగా దేశదేశాల్లో స్వయంగా కండక్ట్ చేశారు, 1963లో ఐక్యరాజ్యసమితిలో కూడా.