వజ్రం కొనబోయే సుజాతకు

సుజాతా,

నిశ్చితార్థం ఉంగరానికి ఒక క్యారెట్ రాయి చూస్తున్నారట. "వీవీఎస్ తీసుకోండి మేడమ్, కళ్లు మూసుకుని కొనొచ్చు" అన్నారట షాపులో. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కళ్లు మూసుకుని కొనేదానికి అంత డబ్బెందుకమ్మా? తెరిచే చూడు.

వీవీఎస్ అంటే రాయిలో మచ్చలు ఎంత తక్కువో చెప్పే ఒక గ్రేడ్. వజ్రాలకు గ్రేడ్లు వేసే సంస్థ జీఐఏ. వాళ్ల క్లారిటీ (మచ్చలేనితనం) స్కేలులో 11 మెట్లుంటాయి. అన్నిటికన్నా పైన ఫ్లాలెస్ (ఏ మచ్చా లేనిది), దాని కింద ఇంటర్నల్లీ ఫ్లాలెస్ (లోపల మచ్చ లేనిది). తర్వాత వీవీఎస్ (చాలా చాలా స్వల్పంగా మచ్చలున్నది), వీఎస్ (చాలా స్వల్పంగా), ఎస్ఐ (స్వల్పంగా), వీటిలో మళ్లీ 1, 2. అడుగున మచ్చలు బాగా తెలిసే ఐ1, ఐ2, ఐ3. ఇదంతా 10 రెట్లు పెద్దగా చూపే లూప్ కింద, చేయి తిరిగిన గ్రేడర్ చూసి వేసే లెక్క. వీవీఎస్ రాయిలోని చుక్క ఆ గ్రేడర్‌కే ఓ పట్టాన దొరకదు. మంచి వీఎస్2 రాయి నీ వేలికుంటే అందులో మచ్చ నీకూ కనబడదు, మీ అత్తగారికీ కనబడదు. గుండ్రటి రాయికి నా ఓటు వీఎస్‌కే. ఎమరాల్డ్ కట్ (దీర్ఘచతురస్రంగా కోసిన రాయి) అయితే మాత్రం ఒక మెట్టు పైకి వెళ్లు. దాని వెడల్పాటి పలకలు దేన్నీ దాచవు.

అసలు సంగతి ఏమిటంటే, మచ్చ ఎక్కడుందో ఆ అక్షరాలు చెప్పవు. రెండు ఎస్ఐ1 రాళ్లు పక్కపక్కన పెట్టించు. ఒకదాంట్లో అంచు దగ్గర తెల్లటి ఫెదర్, అంటే సన్నటి పగులు. ప్రాంగ్, అంటే రాయిని పట్టి ఉంచే కొక్కెం, దాని మీదికి వస్తే ఇక కనబడదు. కాకపోతే అది అంచు బయటికి వచ్చేసిందేమో చూడు, దెబ్బ తగిలితే అక్కడే పెచ్చు లేస్తుంది. రెండోదాంట్లో సరిగ్గా నడిమధ్య నల్లటి గింజ. పలకల్లో దాని నీడ పడి ఒకటి నాలుగైనట్టు కనిపిస్తుంది. గ్రేడ్ ఒకటే, కానీ ఆ రెండోది ఊరికే ఇచ్చినా నేను తీసుకోను.

రాయితో వచ్చే జీఐఏ పూర్తి రిపోర్టులో రాయి బొమ్మ ఉంటుంది. లోపలి మచ్చలు ఎర్ర గీతల్లో, పైపైవి ఆకుపచ్చలో. బొమ్మ కింద చిన్నక్షరాల వ్యాఖ్యలు ఎవరూ చదవరు, నువ్వు చదువు. ఎస్ఐ2 రాయికి "బొమ్మలో చూపని క్లౌడ్స్ (సన్నటి చుక్కల గుంపులు) వల్ల ఈ గ్రేడ్" అన్న అర్థంలో ఇంగ్లిష్ ముక్క కనబడితే, రాయంతా పాలు కలిపినట్టు మసగ్గా ఉందేమో చూసుకో. ఎస్ఐ3 అని రాసుంటే అది జీఐఏ స్కేలులో లేని మెట్టని గుర్తుపెట్టుకో.

లూప్ అడగడానికి మొహమాటపడకు. ముందు రాయిని గుడ్డతో తుడిపించు, దుమ్ము కూడా మచ్చలాగే కనిపిస్తుంది. లూప్‌ని కంటికి ఆనించి పట్టుకుని, రాయిని ఒక అంగుళం దూరానికి తెచ్చుకో. రెండో కన్ను మూయకు, మూస్తే త్వరగా అలిసిపోతావు. ముందు పైనుంచి, తర్వాత పక్కనుంచి చూడు. అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరుంటే రిపోర్టుతో సరిపోల్చు.

మీ అమ్మ రవ్వల దుద్దుల సంగతి వేరు. బిగించేసిన చిన్న రాళ్లకు "వీవీఎస్-వీఎస్" అని గుంపుగా రాస్తారు, ఒక్కో రాయికీ విడిగా కాదు. బీఐఎస్ హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు. అందుకే నీ రాయిని విడిగా ఉన్నప్పుడే చూసుకుని, తర్వాత బిగించమను. బిల్లులో రిపోర్ట్ నంబరు వేయించుకో.

మీ పెదనాన్న