పెన్‌డ్రైవ్ మీది అంకెల్ని నమ్మొచ్చా?

ప్రశ్న: నా దగ్గర పాత 16 జీబీ పెన్‌డ్రైవ్ ఉంది, యూఎస్‌బీ 2.0. లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోనే ఉంచి డెస్క్‌టాప్‌కీ లాప్‌టాప్‌కీ మార్చి మార్చి వాడుకోవాలనుంది. ‘సెకనుకు 150 ఎంబీ’ అని రాసున్న 64 జీబీది కొంటే సాఫీగా నడుస్తుందా? లినక్స్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఫ్రీబీఎస్‌డీ కూడా ఓసారి వేసి చూడాలనుంది.

జవాబు: పాతదాన్ని పారేయకండి. ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాలర్‌కి అది చాలు. ఇమేజ్ (ఇన్‌స్టాలర్ మొత్తం ఉన్న ఒకే ఫైలు) ఒకసారి రాసేశాక ఇక చదవడమే కాబట్టి, యూఎస్‌బీ 2.0 అయితే కాస్త ఆలస్యం, అంతే. కాకపోతే డౌన్‌లోడ్ చేసేటప్పుడు డిస్క్1 ఐఎస్‌ఓ కాకుండా ‘మెమ్‌స్టిక్’ అని పేరున్న ఐఎంజీ ఫైలు తీసుకోండి. పెన్‌డ్రైవ్ కోసం వాళ్లు తయారుచేసింది అదే.

రోజూ పెన్‌డ్రైవ్‌లోంచే లినక్స్ నడపడం మాత్రం వేరే సంగతి. ఆ 150 ఎంబీ, ఒక పెద్ద ఫైలుని ఏకబిగిన చదివినప్పటి వేగం. రాసే వేగం ఎంతో చాలా ప్యాకెట్ల మీద వెయ్యనే వెయ్యరు, అది చూస్తే నాకు ఒళ్లు మంట. సినిమా కాపీ చేసుకునేవాళ్లకి ఆ అంకె పనికొస్తుంది గానీ ఆపరేటింగ్ సిస్టమ్ పని తీరు అది కాదు. బ్రౌజర్‌లో ఒక్క పేజీ తెరిస్తే చాలు, కుకీలనీ హిస్టరీ అనీ క్యాష్ అనీ చిన్నచిన్న ముక్కలు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ రాస్తూనే ఉంటుంది. ఫ్లాష్ మెమరీలో రాసినదాని మీదే మళ్లీ రాయడం కుదరదు. 4 కేబీ మార్చాలన్నా ఎక్కడో ఓ పెద్ద బ్లాకు మొత్తం చెరిపి ఖాళీ చేసుకోవాలి. ఎస్‌ఎస్‌డీలో మెమరీని నడిపించే చిప్, అంటే కంట్రోలర్, ఈ సర్దుబాట్లన్నీ మనకి తెలియకుండా చేసేస్తుంది. మామూలు పెన్‌డ్రైవ్‌లో ఉండే కంట్రోలర్‌కి అంత శక్తి లేదు. ఫలితం ఎలా ఉంటుందంటే, మౌస్ కదులుతూనే ఉంటుంది, విండో మాత్రం బిగుసుకుపోతుంది, డ్రైవ్ లైటు ఆగకుండా మిణుకుమంటుంది. అప్పుడు టెర్మినల్‌లో ‘టాప్’ అనే కమాండ్ పెట్టి చూడండి. ‘డబ్ల్యూఏ’ దగ్గర అంకె ఎగబాకి ఉంటుంది. ప్రాసెసర్ ఖాళీగా డ్రైవ్ కోసం కాచుక్కూర్చుందన్నమాట.

అందుకే మీరు చెప్పిన 64 జీబీది వద్దంటాను. నేను వాడేది పాత లాప్‌టాప్‌లోంచి తీసిన 120 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, యూఎస్‌బీ 3.0 కేసులో పెట్టి. పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ అయినా సరే. కేసు కొనేటప్పుడు యూఏఎస్‌పీ (యూఎస్‌బీ డ్రైవ్‌తో వేగంగా మాట్లాడే పద్ధతి) ఉందో లేదో చూడండి. తగిలించాక ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ -టీ’ కొడితే డ్రైవర్ పేరు ‘యూఏఎస్’ అని కనిపించాలి. పెన్‌డ్రైవే కావాలంటే గోరంత సైజువి మాత్రం తీసుకోకండి, ఆగకుండా రాస్తుంటే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. డ్రైవ్‌లని ఎలా తగిలించాలో లినక్స్‌కి చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ‘నోఏటైమ్’ పెట్టండి (ఫైలు చదివిన ప్రతిసారీ ఆ టైము రాయడం ఆగుతుంది), స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) దాని మీద వద్దు, బ్రౌజర్ క్యాష్‌ని ర్యామ్‌లోకి మార్చండి. కొత్తది ఏది కొన్నా ముందు ఎఫ్3 అనే ప్రోగ్రాంతో నిండా రాయించి తిరిగి చదివించండి. 64 అని ముద్రేసి లోపల 8 జీబీయే ఉన్న నకిలీలు దాంతో దొరికిపోతాయి.

రెండు మెషీన్లన్నారు కాబట్టి ఇంకొక్కటి. కొన్ని ఇన్‌స్టాలర్లు సిస్టమ్‌ని బయటి డ్రైవ్‌లో పెట్టి, సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రాం, అంటే బూట్‌లోడర్‌ని మాత్రం కంప్యూటర్ లోపలి డిస్క్‌లో ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లుండే భాగం) పడేస్తాయి. ఇక ఆ డ్రైవ్ రెండో మెషీన్‌లో లేవదు. వీలైతే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి డిస్క్ ఊడదీసి ఉంచండి. కుదరకపోతే గ్రబ్ అనే బూట్‌లోడర్‌ని ‘రిమూవబుల్’ ఆప్షన్‌తో ఆ డ్రైవ్‌లోని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనే వేయండి. మీ ఫైళ్లు అందులోకి ఎక్కించేముందే రెండు మెషీన్లలోనూ బూట్ చేసి చూసుకోండి.