ఎక్స్‌రేలో ఏమీ లేదు, డాల్మేషియన్ మాత్రం చుక్క చుక్కగా మూత్రం పోస్తోంది

ఇది యూరేట్ రాయి, అంటే మూత్రంలోని యూరిక్ యాసిడ్ పేరుకుని ఏర్పడే రాయి, అయ్యే అవకాశమే ఎక్కువండి. మీ మూడేళ్ల మగకుక్క కాలెత్తి ఎంతసేపు నిలబడినా నాలుగు చుక్కలే వస్తున్నాయన్నారు, ఎక్స్‌రే క్లియర్ అన్నారు. క్లియర్ అంటే రాయి లేదని కాదు. మిగతా జాతుల్లో యూరిక్ యాసిడ్ చాలావరకు అల్లంటాయిన్ అనే పదార్థంగా మారి తేలిగ్గా కరిగిపోతుంది. డాల్మేషియన్లలో జన్యులోపం వల్ల అది అలాగే మూత్రంలోకి దిగి, ఇసుకలా పేరుకోవచ్చు.

1. అందరూ వదిలేసేది ఇదే: అల్ట్రాసౌండ్ చేయించండి. యూరేట్ రాళ్లు మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడవు. మగకుక్కల్లో రాయి మూత్రనాళంలో ఇరుక్కుంటుంది కాబట్టి, అవసరమైతే డై ఎక్కించి ఎక్స్‌రే తీయగలరా అని కూడా డాక్టర్‌ని అడగండి.

2. రోజూ అన్నంలో కలుపుతున్న కోడి కార్జం ఇవాళే ఆపేయండి. కిడ్నీ, సార్డిన్ చేపలు కూడా వద్దు, ఇవన్నీ యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. ఉడికించిన గుడ్డు, అన్నం, పెరుగు ఫర్వాలేదు.

3. తిండిలో నీళ్లు పోసి జారుగా పెట్టండి. పడుకునే ముందు తప్పకుండా బయటికి తిప్పండి.

4. యూరిక్ యాసిడ్ తగ్గించే మందు అల్లోప్యూరినాల్ సొంతంగా వేయొద్దు. తిండి మార్చకుండా ఇస్తే క్సాంథిన్ అనే మరో రకం రాళ్లు మొదలయ్యే ప్రమాదముంది.

చుక్క కూడా రాకపోయినా, పొట్ట బిగుసుకున్నా, వాంతులైనా దయచేసి తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.