ఇటానో హిమోగ్లోబిన్ డి ని ఎలా వేరుచేశారు?

అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త హార్వే ఇటానో పరిశోధనల గురించి వ్యాసం రాస్తూ, ఎలక్ట్రోఫోరిసిస్ (విద్యుత్ క్షేత్రంలో అణువులు కదిలే వేగాన్ని బట్టి వాటిని వేరుచేసే పద్ధతి) ఒక్కటే ఆయన ఆధారమని మీరు అనుకోవడంలోనే చిక్కు ఉంది. ఎస్ (కొడవలి కణ వ్యాధిని కలిగించేది), డి అనే రెండు అసాధారణ హిమోగ్లోబిన్‌లు ఒకే వేగంతో కదులుతుంటే 1951లో ఆయన వాటిని వేర్వేరని ఎలా తేల్చారన్న మీ సందేహం అక్కడి నుంచే పుట్టింది.

1. 1949లో పాలింగ్, ఇటానో, సింగర్, వెల్స్ చూపింది మామూలు హిమోగ్లోబిన్‌కూ ఎస్‌కూ మధ్య విద్యుదావేశంలోని తేడాను. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో (ఇది అమైనో ఆమ్లాల వరుస) గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో ఎస్‌లో 6వ చోట వాలీన్, డి రకాల్లో ఒకటైన డి-పంజాబ్‌లో 121వ చోట గ్లుటమిన్ చేరతాయి. రెండింటిలోనూ ఒక రుణావేశమే తగ్గుతుంది కనుక ఆ పద్ధతికి అవి ఒకటిగానే కనిపిస్తాయి. (ఈ స్థానాలు తర్వాతి కాలంలో తెలిసినవి, వీటిని 1951 నాటి ఘట్టంలో రాయకండి.)

2. ఇక్కడ వదిలేయకూడని మెట్టు ద్రావణీయత పరీక్ష. ఆక్సిజన్‌ను తొలగించినప్పుడు ఎస్ కరిగే గుణం బాగా పడిపోతుంది, అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవైన పోగులుగా మారి ఎర్రకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. డి మాత్రం మామూలు హిమోగ్లోబిన్‌లాగే కరిగి ఉంటుంది. కదలిక ఒకటే, కరిగే తీరు వేరు: ఆయన నిర్ధారణకు ఆధారం ఇదే.

3. మీ వ్యాసంలో 1949 పేరా ముగిసిన వెంటనే ఈ పరీక్షను చేర్చండి, తర్వాతి భాగం దానంతట అదే అతుకుతుంది.