సముద్రం దగ్గర రెండు రోజులు: తీరిగ్గా తినే చోటు ఎలా చూసుకోవాలి

చిన్నీ,

శుక్రవారం రాత్రి చేరి ఆదివారం సాయంత్రం తిరుగుప్రయాణం అన్నావు. అంటే కూర్చుని తినే పూటలు మహా అయితే ఆరు. ఆరింటికీ గొప్ప చోటే కావాలనుకుంటే సెలవంతా ఫోన్ చూసుకోవడానికే సరిపోతుంది. శనివారం మధ్యాహ్నం, శనివారం రాత్రి, ఈ రెండు పూటలూ తీరిగ్గా గడిచేలా చూసుకో. శుక్రవారం రాత్రి ప్రయాణం బడలికతో ఉంటారు, బసకి దగ్గర్లో వేడిగా ఏది దొరికితే అది తిని పడుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆకలేశాక వెతకొద్దు. కడుపు కాలుతున్నప్పుడు ఎవరైనా కళ్లెదుట ఉన్న గుమ్మంలోకే వెళ్తారు. నీళ్లకి ఎదురుగా ఉన్న మొదటి వరుసలో అద్దెలు ఎక్కువ, వచ్చేవాళ్లలో మళ్లీ రానివాళ్లే ఎక్కువ. అందుకని వంట అంతంతమాత్రంగా ఉన్నా బల్లలు నిండిపోతాయి. శనివారం పొద్దున కడుపు నిండుగా ఉన్నప్పుడే ఓ అరగంట నడిచి రండి. ఒడ్డు వెంబడి కాదు, ఒడ్డుకి వెనక రెండో వీధి, మూడో వీధి దాకా. పడవల రేవు ఉంటే అటువైపు. ఊళ్లోవాళ్లు తినే చోట్లు అక్కడే కనపడతాయి. మెనూ ఒక్క పేజీ ఉండి, ఆ రోజు వచ్చిన చేపల పేర్లు పలక మీద రాసి ఉంటే లోపలికెళ్లి మాట్లాడు. కార్డులో ఎనభై రకాలుంటే వాటిలో చాలావరకు ఫ్రీజరులోంచి రావాల్సిందే.

ఫోన్‌లో రేటింగులు చూస్తే కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదువు. సముద్రతీరపు ఊళ్లలో సీజను మారితే వంటవాళ్లూ మారిపోతుంటారు, రెండేళ్ల కిందటి పొగడ్త ఇవాళ్టి వంటకి చెల్లదు. ఐదు చుక్కలవీ ఒక చుక్కవీ వదిలేసి మూడు చుక్కలవి చూడు, ఎంతసేపు కూర్చోబెట్టారో, గోల ఎంత ఉందో అందులోనే రాస్తారు. తెరిచే వేళలు మాత్రం ఫోన్ చేసే కనుక్కో. చాలాచోట్ల మధ్యాహ్నం మూడు దాటాక వంటగది కట్టేసి మళ్లీ రాత్రికే తెరుస్తారు. పదకొండు గంటల ప్రాంతంలో చేస్తే నింపాదిగా జవాబు చెప్తారు, ఒంటిగంటప్పుడు చేస్తే ఎవరూ ఎత్తరు.

వెళ్లే వేళ కూడా ముఖ్యమే. అందరూ ఒంటిగంటకి వస్తారు కాబట్టి మీరు పన్నెండుంపావుకి కూర్చోండి. చేప ఉడకడానికి అంగుళం మందానికి సుమారు 10 నిమిషాలు పడుతుంది, దాన్ని ఎవరూ తగ్గించలేరు. ఆలస్యమంతా మీ వంతు వచ్చేదాకానే. పొయ్యిలు ఖాళీగా ఉన్నప్పుడు ఆర్డరిస్తే అరగంటలో వచ్చేది, ముందు పది బల్లలుంటే గంటంపావు అవుతుంది.

ఇక కూర్చునే చోటు. దీని సంగతి ఎవరూ ముందు ఆలోచించరు, తీరా కూర్చున్నాక తిప్పలు పడతారు. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం చల్లగానే ఉంటుంది, అందుకని నీళ్ల మీదనుంచి నేల మీదకి గాలి వీస్తుంది. పొద్దెక్కాక మొదలై మధ్యాహ్నం రెండుమూడు గంటలకి జోరందుకుంటుంది. ఆ వేళకి ముందువరుస బల్ల మీద కాగితాలు ఎగిరిపోతాయి, అన్నం చల్లారిపోతుంది, పళ్లకింద ఇసుక తగులుతుంది. మధ్యాహ్నానికి గోడ చాటున లోపలి బల్లే హాయి. పొద్దుగుంకాక గాలి నెమ్మదిస్తుంది, నీళ్లకి ఎదురుగా కూర్చోవాలంటే అప్పుడు కూర్చోండి. వంటగది పొగగొట్టం ఎటుందో కూడా చూసుకో, గాలి దానిమీదుగా మీవైపు వస్తుంటే బల్ల మార్చమని అడుగు. తీరం పడమటి వైపుదైతే సాయంత్రం ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, నీళ్లకి పక్కవాటుగా కూర్చోవాలి. గొడుగు నీడని నమ్ముకోవద్దు, అన్నం తినే గంటలోనే అది పక్క బల్ల మీదకి జరిగిపోతుంది.

చేప చూపించమని అడగడానికి మొహమాటపడకు. కళ్లు ఉబ్బుగా, తేటగా ఉండాలి. గుంటపడి తెల్లబారితే పాతది. మొప్ప ఎత్తి చూపించమను, లోపల ఎర్రగా తడిగా ఉండాలి, గోధుమరంగుకి తిరిగితే వద్దు. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. వాసన సముద్రపు గాలిలా ఉండాలి గానీ గుప్పుమని నీచు కొట్టకూడదు. చేప ఐసు ముక్కల్లో కూరుకుని ఉందా, ఊరికే పైన పడుకుని ఎండ తగులుతోందా అన్నదీ చూడు. ట్యూనా, కానాగంతల లాంటివి వెచ్చగా ఉండిపోతే వాటిలో హిస్టమిన్ అనే ఒంటికి పడని పదార్థం పేరుకుంటుంది, ఎంత వేయించినా అది పోదు. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే ఆ ముక్క అక్కడే ఆపేయాలి. మొహం ఎర్రబడి గుండె దడగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

తూకం లెక్కన అమ్మే చోట మూడు సంగతులు ముందే అడుగు: తూకం శుభ్రం చేయకముందా చేశాకా, ఆ ధరలో వంట కలిసిందా లేదా, పక్కన వచ్చేవాటికి వేరే లెక్కా. తూచేటప్పుడు నువ్వు ఎదురుగా ఉండు. తల, ముల్లు, పేగులు పోను మొత్తం చేపలో సగం దాకా పోతుంది. కాబట్టి ఇద్దరికి 800 నుంచి 900 గ్రాముల చేప చాలు. బిల్లు దగ్గర గొడవలన్నీ ఈ తూకం ముందు అడక్కపోవడం వల్లే వస్తాయి.

మీలో ఎవరికైనా రొయ్యలు, పీతలు పడకపోతే "రొయ్యలు వేయొద్దు" అంటే సరిపోదు. "అవి వేయించిన నూనెలోనే మిగతావీ వేయిస్తున్నారా" అని అడగాలి. అవునంటే వేపుళ్ల జోలికి పోవద్దు.

పెద్దవాళ్లు వస్తున్నారు గనక వీపు ఆనే కుర్చీలున్నాయా, బాత్రూముకి మెట్లెక్కాలా అని పొద్దున నడకలోనే చూసి పెట్టుకో. పిల్లలకి కావలసింది కూర్చోగానే చెప్పెయ్, పెద్దవాళ్లది తర్వాత నింపాదిగా చెప్పొచ్చు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఎక్కడికీ వెళ్లకు, ఎక్కడ చూసినా జనమే. శనివారం నచ్చిన చోటే పదకొండున్నరకి పార్సిల్ కట్టించుకుని చెట్టు నీడలో కూర్చోండి. పార్సిల్ చేతికొచ్చాక రెండు గంటల్లో తినేయాలి, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటలోపే. మిగిలినది కారులో పెట్టుకుని ఇంటికి మోసుకురావద్దు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ